ఒక సుట్టుకు ఒక్కసారే

ఆఖరి లారీ కాంటా దిగి పోయినంక
షట్టర్ సగం గుంజి
వేబ్రిడ్జి గదిల నలుగురం కూసుంటం.
టేబుల్ మీద తేమ చూసే మిషిను, తవుడు వాసన,
ఖదీర్ అట్టముక్కలు కోసి కట్టిన కోట,
నలుగురికీ కలిపి ఇరవై ముఖాల పాచిక ఒక్కటే.
మిర్యాలగూడల దొరకదు అది.
దవాఖానల పనిచేసే నవనీత పట్నం నుంచి తెచ్చింది,
సూదుల డబ్బాల దూది సుట్టి.

ఆటల నా మనిషి పేరు దర్వాజ.
ఈ వారం నాలుగో మెట్టు ఎక్కిండు.
ఒక ఫీటు తీసుకోవాలె. ఒక్కటే.
సర్కస్ ఫీటు కాదు, టేపుతో కొలిచే ఫీటు కాదు,
మనిషికి కొత్తగ మొలిచే చెయ్యి అనుకో.

పొద్దంతా నా పనే అది:
నిండు బండిని తూచి, ఖాళీ బండిని తూచి,
నడుమ మిగిలిందే వడ్లు అని చీటీ రాసుడు.
ఇగ ఫీట్లను కూడ కాంటా ఎక్కించిన.

మొండిదెబ్బ అని ఒకటుంది.
గురిలకెళ్ళి అయిదు తీసెయ్యి, దెబ్బకు పది కలుపు.
సైదులు దగ్గర ఉన్నది అదే.
తగిలిందా, బల్ల అదురుతది, చాయ్ ఒలుకుతది.
తగలకుంటే గొడ్డలి గాలిని నరుకుతది,
వాడు పాచికను తిడతడు, నవనీతను తిట్టలేక.
చీటీ వెనక లెక్క ఏసిన:
ఒళ్ళు మెత్తని శత్రువైతే లాభం,
ఇనుము తొడిగినోడైతే నష్టం,
మొత్తం మీద లారీకి రెండు బస్తాల తేడా.

ఇంకోటి కాపు.
దాంతోని దెబ్బ పెరగదు, పేరు రాదు.
నన్ను దాటిపోయేటోణ్ణి ఆడికాడ నిలబెడతది,
నా పక్కోళ్ళ మీద లేచిన కత్తికి
నా డాలు అడ్డం పెడతది.
ఒక సుట్టుకు ఒక్కసారే.

"డాలు పట్టుకొని నిలబడేటోనికి కథేముంటది బే,"
సైదులు నవ్విండు.
ఉండదు. తెలుసు.
కాని పోయిన ఆదివారం నేను ఉత్త ఇనుము.
పద్దెనిమిది పడితే గాని నా మీద గీత పడదు.
ఖదీర్ గుట్టదయ్యాలు తెలివైనయి.
తొవ్వల రాయిని చూసినట్టు నన్ను చూసినయి,
సుట్టు తిరిగి పోయినయి.
వెనక మందుల సంచితోని నవనీత.
మూడు బల్లేలు.
నా ఒంటి మీద గీటు లేదు.
పది ఫెయిలైన నాడు కూడ అంత సిగ్గు కాలే.

చేను నడుమ గోడ కడితే పందులకేం బాధ?
కంచె కావాలె,
అంగీ పట్టుకొని గుంజేది.

"కాపు రాయి," అన్న.
ఖదీర్ పెన్సిల్ నాకి రాసిండు.

ఆ రాత్రే వంతెన. అట్టదే,
అచ్చం వేములపల్లికాడ ఎడమకాల్వ మీది బ్రిడ్జి లెక్కనే గీసిండు.
ఎడమకు సైదులు, మూడు ప్రాణాలు మిగిలినయి.
కుడికి నవనీత, అయిదు.
రెండు కత్తులూ ఒక్కసారే లేచినయి.
"డాలు ఎటు?"

మార్చిల బస్తాల నెట్టు జారింది మా గోదాంల.
పదకొండో వరుస. కింద ఇద్దరు హమాలీలు.
నా చేతికి అందింది పర్వతాలు కాలర్.
వెంకులు పాదం ఇంక కట్టులనే ఉంది.
ఎందుకు అటు గుంజినవని
వాడు ఇప్పటిదాక అడగలే.

"ఎటు బే?"
సైదులు దిక్కు, అన్న.
మూడు అయిదు కన్న తక్కువ, గంతే లెక్క.

నవనీత తన అయిదును రబ్బరుతో తుడుచుకుంది.
పడిపోయినోళ్ళే చాయ్ పొయ్యాలె, అది మా రూలు.
లేచింది, ఫ్లాస్కు మూత తిప్పింది,
నా గ్లాసు నిండ పోసింది.
ఏమన్న అంటదేమో అని చూసిన.

వాళ్ళు పోయినంక పుస్తకం మళ్ళ తిరగేసిన,
ఎనిమిదో మెట్టు దాక, పన్నెండో మెట్టు దాక.
రెండో డాలు ఇచ్చే ఫీటు కనపడలే.
బయట ఏదో లారీ హారన్ కొడుతుంది,
తూకం కోసం.